6 అడుగుల ట్యాంకులో పాచి పోవడం లేదు, సక్కర్ ఏమో తిని పడుకుంటోంది

బెజవాడ_ఏంజెల్
హాల్లో 6x2x2 ట్యాంకు ఉంది. రాళ్ళూ ఇసుకా పోను 600 లీటర్ల దాకా నీళ్ళు పడతాయి. ఏంజెల్స్, బోస్మానీ రెయిన్‌బోలు, పెర్ల్ గౌరామీ చేపల జత, అద్దానికి నోటితో అతుక్కునే సక్కర్ చేప ఒకటి, "గోల్డెన్ ఆల్గే ఈటర్" అని షాపతను అంటగట్టిన పసుపు చేప ఒకటి. ట్యాంకు బయట ఉండే కనిస్టర్ ఫిల్టర్. వారానికోసారి పావు వంతు నీళ్ళు మారుస్తాం.

గొడవంతా పాచితోనే. వెనకద్దం మీద గోధుమ రంగు పొర. ముందద్దం మీద స్పాంజితో రుద్దినా రాని పచ్చ చుక్కలు. డ్రిఫ్ట్‌వుడ్ దుంగ, ఫిల్టర్ పైపు, అనూబియాస్ మొక్క ఆకుల అంచులు అన్నిటికీ నల్లటి కుచ్చులు. చిన్నప్పుడు ఈ సక్కరే తెల్లారేసరికి అద్దాలన్నీ నాకి పెట్టేది. ఇప్పుడు అడుగు పొడవు దాటింది. పగలంతా దుంగ కింద పడుకుంటుంది, రాత్రి పెల్లెట్లు వేయగానే అందరికంటే ముందు హాజరు. పసుపుది పాచి వంక కూడా చూడదు, ఏంజెల్స్ వెంట పడుతుంది.

షాపతన్ని అడిగితే "పెద్ద ట్యాంకు కదా సార్, ఇంకో నాలుగు సక్కర్లు వేసేయండి" అన్నాడు. వేయొచ్చా? లేక వేరే పాచి తినే చేపలేమైనా చెప్తారా? మా ఆవిడ ఇప్పటికే ఈ ట్యాంకు తీసేసి షోకేసు పెట్టిద్దామంటోంది.

గాజుపెట్టె
నాలుగు సక్కర్లా? పాచి పోదు గానీ పెంట మాత్రం నాలుగింతలవుతుంది. ఆ పెంటే మళ్ళీ పాచికి ఎరువు. షాపతనికి మళ్ళీ ఫిల్టర్ బేరం.

ఆస్కార్_నాన్న
సక్కర్ని ఊరికే ఆడిపోసుకోకండి. మా ఇంట్లో ఉన్నది పెద్దోడి అక్షరాభ్యాసం నాటిది, వాడిప్పుడు ఇంటర్. రెండు ఆస్కార్ చేపల మధ్య దర్జాగా బతుకుతోంది. కరెంటు పోయి మోటర్లు ఆగినా పైకొచ్చి ఓ గుటక గాలి మింగి పోతుంది, దానికేం కాదు. ట్యాంకు కడిగిపెట్టడానికి తెచ్చుకున్నామని అనుకుంటే నిరాశే. అదీ ఒక చేప, అంతే.

పాచి_పండితుడు
మీరు చెప్పినవి మూడు రకాల పాచి. మూడూ తినే చేప ఏదీ లేదు. విడివిడిగా చూద్దాం.

గోధుమ పొర డయాటమ్స్ అనే సూక్ష్మ పాచి. వేలితో తుడిస్తే వచ్చేస్తుంది. కొత్త ట్యాంకుల్లోనూ, నీళ్ళలో సిలికేట్ ఎక్కువున్న చోటా బాగా పడుతుంది. మీది బోరు నీళ్ళయితే ఆశ్చర్యపోనక్కర్లేదు. ఇది తినడానికి చేపల్లో ఓటోలు, బ్రిసిల్‌నోస్‌లు, నత్తలు అన్నీ ఎగబడతాయి.

ముందద్దం మీద గట్టి చుక్కలు గ్రీన్ స్పాట్. దాన్ని చేపలు ముట్టవు. నెరైట్ నత్త కొంతవరకు గీకుతుంది, మిగతాది బ్లేడుతో మీరే గీకాలి.

నల్ల కుచ్చులు బ్లాక్ బ్రష్. రంగు నలుపే అయినా ఎర్ర నాచు జాతిది. దీన్ని మనసుపెట్టి తినేది అసలైన సియామీస్ ఆల్గే ఈటర్ ఒక్కటే అనుకోండి. 'అసలైన' అన్నది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఆ పేరుతో మన షాపుల్లో మూడు నాలుగు రకాలు అమ్ముతారు.

ఇక మీ పసుపు చేప చైనీస్ ఆల్గే ఈటర్‌లో బంగారు రంగుది. వేలెడు ఉన్నప్పుడు పాచి తింటుంది. పెరిగేకొద్దీ మాంసాహారం రుచి మరుగుతుంది, పక్క చేపల ఒంటి జిగురు మీద పడుతుంది. ఏంజెల్స్ లాంటి బల్లపరుపు చేపలంటే దానికి మరీ సులువు. పక్కన అతుక్కుని లాగేస్తుంది. మొప్ప పైభాగంలో దానికి నీళ్ళు లోపలికి తీసుకోవడానికి వేరే సందు ఉంటుంది, కాబట్టి నోరు అతికించి ఎంతసేపైనా ఊపిరి తీసుకోగలదు. ముందు దాన్ని బయటికి తీయండి. పాచి సంగతి తర్వాత.

బెజవాడ_ఏంజెల్
పండితుడు గారూ, ఒక ఏంజెల్ పక్కటెముకల దగ్గర గుండ్రంగా పొలుసులు లేచిపోయి ఉన్నాయి. వాటిలో అవే కొట్టుకున్నాయేమో అనుకున్నాం. ఇదేనా కారణం?

పాచి_పండితుడు
గుండ్రంగా, ఎర్రగా, చేప వెడల్పైన చోటే ఉంటే అదే. రాత్రి లైటు ఆపి అరగంట ఆగాక టార్చ్ వేసి చూడండి, దొంగ దొరుకుతుంది.

కొత్తచేప
మా దగ్గర ఉన్నది నల్ల చార ఉన్న చేప. సియామీసో చైనీసో ఎలా తెలుస్తుంది? షాపులో రెండూ ఒకే బకెట్‌లో ఉన్నాయి.

నత్తగుల్ల
అద్దానికి నోటితో అతుక్కుని వేలాడుతోందా? అయితే అది సియామీస్ కాదు. సియామీస్‌కి కింద సక్కర్ నోరు ఉండదు, ఆకు మీదో రాయి మీదో రెక్కలు ఆనించి కూర్చుంటుంది గానీ అద్దానికి పట్టుకోలేదు.

పాచి_పండితుడు
అక్క చెప్పింది మొదటి వడపోత. రెండోది చార. సియామీస్‌కి ముక్కు కొస నుంచి మొదలై తోక రెక్క చివరి దాకా పోతుంది, తోక మొదట్లో ఆగిపోదు. చార అంచు దగ్గర్నుంచి చూస్తే గజిబిజిగా రంపపు పళ్ళలా ఉంటుంది. రెక్కలు మాత్రం రంగు లేకుండా పారదర్శకంగా ఉండాలి. చార పైన బంగారు గీత మెరుస్తూ, వీపు రెక్కలో నలుపు ఉంటే అది ఫ్లయింగ్ ఫాక్స్. అదీ కాస్త పాచి తింటుంది గానీ నల్ల కుచ్చుల జోలికి పోదు, పెద్దయ్యాక తన జాగా అని మిగతావాటిని తరుముతుంది. చార తోక దగ్గరే ఆగిపోతే గర్రా జాతిది. అది మంచి చేపే, మనకి కావలసింది మాత్రం కాదు.

కొత్తచేప
నాది అద్దానికి అతుక్కునే ఉంది 😐

గాజుపెట్టె
స్వాగతం, మా అందరి ఇళ్ళలోనూ ఒకటి ఉండేది.

బోరునీళ్ళు_టీడీఎస్900
అందరూ చేపలు, చేపలు అంటున్నారు. లైటు ఎన్ని గంటలు వేస్తున్నారో ఎవరూ అడగలేదేంటి? కిటికీ పక్కన ఉందా? రోజుకి ఎన్నిసార్లు మేత?

బెజవాడ_ఏంజెల్
లైటు పొద్దున దీపం పెట్టినప్పుడు వేస్తాం, రాత్రి అమ్మ సీరియళ్ళు అయ్యాక ఆపుతాం. తూర్పు కిటికీ ఉంది, కర్టెన్ వేసే ఉంటుంది కానీ పొద్దున్నే తీస్తారు. మేత పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. మధ్యలో మా బుజ్జిది వేస్తుంది, ఎంత వేస్తుందో ఆ దేవుడికే తెలియాలి.

బోరునీళ్ళు_టీడీఎస్900
పద్నాలుగు గంటల లైటు, పైన పొద్దుటెండ, మూడు పూటలా మేత. పాచిని మీరే పెంచుతున్నారన్నమాట. మీ ట్యాంకులో చేపలు అతిథులు, పాచి ఇంటి అల్లుడు.

టైమర్ కొని ఏడు గంటలకి కుదించండి. సాయంత్రం మీరు చూసే వేళకి వెలిగేలా పెట్టుకోవచ్చు, చేపలకి ఏ వేళైనా ఒకటే. మేత రోజుకి ఒక్కసారి, రెండు నిమిషాల్లో అయిపోయేంత. వారంలో ఒక రోజు పస్తు. నీళ్ళలో నైట్రేట్ (పెంట, మిగిలిన మేత కుళ్ళి చేరేది, పాచికి ఎరువు) ఎంతుందో చూసే కిట్టు ఉంటే చూసి చెప్పండి.

ఆస్కార్_నాన్న
బుజ్జిదానికి వారం మందు డబ్బాలు ఉంటాయి చూడండి, సోమ మంగళ అని గదులున్నవి. అందులో రోజుకింత పెల్లెట్లు కొలిచి పెట్టి ఇవ్వండి. మా ఇంట్లో ఆ యుద్ధం అలాగే ముగిసింది.

బెజవాడ_ఏంజెల్
ఇది అదిరింది. ఇవాళే కొంటా.
నైట్రేట్ కిట్టు రంగు చూస్తే లీటరుకి 40కీ 80కీ మి.గ్రా. మధ్య ఉంది.

బోరునీళ్ళు_టీడీఎస్900
నీళ్ళు మార్చేముందా తర్వాతా?

బెజవాడ_ఏంజెల్
మార్చిన మర్నాడు.

బోరునీళ్ళు_టీడీఎస్900
అయితే మార్చకముందు ఇంకెంత ఉందో. మీ కుళాయి నీళ్ళని కూడా ఒకసారి పరీక్షించండి, కొన్ని బోర్లలో నైట్రేట్ భూమిలోంచే వస్తుంది. అది తేలాకే మిగతా లెక్క. అడుగు దాటిన సక్కర్ ఒక్కటే మీ ఏంజెల్స్ అన్నీ కలిసి చేసేంత చెత్త చేస్తుంది. ఫిల్టర్ స్పాంజి చివరిసారి ఎప్పుడు పిండారు?

గాజుపెట్టె
ఆ ప్రశ్నకి ఎవరూ నిజం చెప్పరు, వదిలేయండి.

కొల్లేటి_కొంగ
మధ్యలో ఒక మాట. ఆ సక్కర్‌ని ఏం చేయదలుచుకున్నా చేయండి గానీ చెరువులోనో కాలువలోనో మాత్రం వదలొద్దు. మాది కైకలూరు వైపు, చేపల చెరువులు. మేం దాన్ని దెయ్యం చేప అంటాం. మీరు అద్దాల్లో చూసి ముద్దాడేదే.

పట్టుబడి రోజు వల లాగితే శీలావతి, బొచ్చెలతో పాటు బకెట్ల కొద్దీ ఇవి. ఒళ్ళంతా పెంకు, రెక్కకో ముల్లు. వల కన్నుల్లో ఇరుక్కుంటే తీయడానికి చేతులు చీరుకుపోతాయి. కోసి తీస్తే వల పోతుంది, కోయకపోతే పట్టుబడి ఆలస్యమై మంచి చేప పాడవుతుంది. కొనేవాడు లేడు. మేం తవుడు, చెక్క పెట్టి పెంచే చేపల మేతంతా అడుగున కూర్చుని ఇదే తింటుంది. గట్ల లోపలికి చేయి దూరేంత కన్నాలు తవ్వి గుడ్లు పెడుతుంది. ఆ కన్నాలతో గట్టు జారితే మట్టి పోయడం ఎంత ఖర్చో ఎవరికి చెప్పుకోవాలి. చెరువు ఎండగట్టినా బురదలో గాలి పీల్చుకుంటూ చాలాసేపు బతికే ఉంటుంది.

ఇది మన నీళ్ళలోది కాదు, అమెజాన్ వైపుది. ఎవరో ఒకరి అక్వేరియంలోంచే వచ్చింది.

డాలస్_చెరువు
ఇక్కడ టెక్సస్‌లోనూ అదే కథ. శాన్ మార్కోస్ నది ఊట నీళ్ళతో ఏడాదంతా ఒకే వెచ్చదనంలో పారుతుంది, అందుకే చలికి చావలేదు. గట్లలో కన్నాలు కూడా మీరు చెప్పినట్టే. నీళ్ళలోకి దిగి ఈటెలతో పొడిచి తీస్తుంటారు. ఫ్లోరిడాలో కాలవ గట్లదీ అదే పరిస్థితి.

పాచి_పండితుడు
హైదరాబాద్ సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) శాస్త్రవేత్తలు తూర్పు కనుమల నీటివనరుల్లో ఈ చేప ఎక్కడెక్కడ ఉందో, చేపని పట్టకుండా ఆ నీళ్ళలో కలిసిన డీఎన్‌ఏతోనే కనిపెట్టే పద్ధతి తయారుచేశారు. అంత దాకా వచ్చిందన్నమాట వ్యవహారం.

ఇంకోటి. షాపుల్లో సక్కర్ లేదా 'ప్లేకో' అని ఇచ్చేది దాదాపుగా సెయిల్‌ఫిన్ రకమే. వీపు రెక్కలో మొదటి ముల్లు తర్వాత పోగులు లెక్కపెట్టండి. పది, అంతకుమించి ఉంటే సెయిల్‌ఫిన్. పాత పుస్తకాల్లోని అసలు సక్కర్ జాతి హైపోస్టోమస్‌కి ఏడు చుట్టూ ఉంటాయి.

గాజుపెట్టె
అడుగు సక్కర్ రెక్క విప్పి పోగులు లెక్కపెట్టడానికి ఎవరు వెళ్తారు మాష్టారూ, మీరు రండి.

ఆస్కార్_నాన్న
కొల్లేటి_కొంగ చెప్పింది విన్నాక నోట మాట రాలేదు. బెజవాడ_ఏంజెల్, ఎక్కడా వదలకండి. మాది గుంటూరే. నా 8 అడుగుల సిమెంటు తొట్టిలో చోటుంది, మీది నాకిచ్చేయండి. విడిగా మెసేజ్ పెట్టాను.

బెజవాడ_ఏంజెల్
నిజంగానా అన్నా! షాపతను "అంత పెద్దది మాకొద్దు" అనేశాడు, ఏం చేయాలో తెలియక టెన్షన్ పడుతున్నా.

నత్తగుల్ల
అది వెళ్ళిపోతే దాని స్థానంలో బ్రిసిల్‌నోస్ జత వేయండి. ఐదారు అంగుళాల దగ్గర ఆగిపోతుంది, పాచి తినే బుద్ధి పెద్దయ్యాకా పోదు. మగదానికి మూతి మీద కొమ్మలు కొమ్మలుగా మీసాలొస్తాయి. దుంగ తప్పనిసరి, రోజూ దాన్ని గీకుతూ ఉంటుంది. కొబ్బరి చిప్ప బోర్లించి సందు పెడితే మగది లోపల దూరి నారింజ రంగు గుడ్ల మీద రెక్కలు ఆడిస్తూ కాపలా కాస్తుంది. మా అమ్మ ఆ తండ్రిని చూపించి మా నాన్నకి క్లాసు పీకింది.

కానీ పాచి ఒక్కటే చాలదు వాటికి. వారంలో రెండు మూడు రాత్రులు కూరగాయ వేయాలి. కీర దోసకాయ చక్రాలు, లేత సొరకాయ, బీరకాయ, తొక్క తీసి రెండు నిమిషాలు వేడినీళ్ళలో ఉడికించి స్టీలు చెంచాకి గుచ్చి దింపండి. పొద్దున్నే మిగిలింది తీసేయాలి, లేకపోతే నీళ్ళు తెల్లబడతాయి.

కొత్తచేప
పప్పులోకి వేసే పసుపు దోసకాయ వేయొచ్చా?

నత్తగుల్ల
మా వాళ్ళు ముట్టలేదు. గింజల దగ్గర పులుపేమో. కీరే వేయండి, పప్పు మీకు.

బెజవాడ_ఏంజెల్
ఓటోలు అన్నారు కదా, చిన్నగా బాగుంటాయట. వందల్లో వేసుకోవచ్చా ఈ సైజుకి?

బోరునీళ్ళు_టీడీఎస్900
వందలు వద్దు బాబోయ్. ఓటోలు చాలా వరకు నదుల్లోంచి పట్టుకొచ్చేవే. పట్టినప్పటి నుంచి మన షాపు చేరేదాకా సరిగా తిండి ఉండదు. పొట్ట లోపలికి పోయి ఉన్నవి తెస్తే ట్యాంకులో ఎంత పాచి ఉన్నా కోలుకోవు. షాపులో అద్దానికి అతుక్కున్నప్పుడు పొట్ట వైపు నుంచి చూడండి. గుండ్రంగా తెల్లగా ఉబ్బి ఉంటేనే తీసుకోండి. వచ్చిన రోజే కొనకండి, ఓ వారం ఆ షాపులో బతికినవే కొనండి. పదో పన్నెండో గుంపుగా ఉంటే ధైర్యంగా తిరుగుతాయి.

ఇంకో అనుమానం, మీ ఏంజెల్స్ ఎంత పెద్దవి? ఓటో ఒకటిన్నర అంగుళం ఉంటుంది.

బెజవాడ_ఏంజెల్
అరచేయంత.

ఆస్కార్_నాన్న
అయితే వేయకండి. మింగాలని చూస్తే ఓటో రెక్క ముళ్ళు విప్పుతుంది, గొంతులో ఇరుక్కుని రెండూ పోతాయి.

డాలస్_చెరువు
అంత భయం అక్కర్లేదు. ఏంజెల్స్‌తో ఓటోలు పెట్టి బాగా నడిపినవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆస్కార్ నోరు వేరు, ఏంజెల్ నోరు వేరు.

ఆస్కార్_నాన్న
అరచేయంత ఏంజెల్ రాత్రిపూట నియాన్ టెట్రాలని లెక్కపెట్టుకుంటూ తినడం చూసినవాణ్ణి. ఓటోకి పెంకు ఉంది కాబట్టి ప్రయత్నించదని మీరు హామీ ఇస్తారా?

డాలస్_చెరువు
హామీ ఇవ్వను. నేనైతే వేస్తాను.

నత్తగుల్ల
ఇద్దరూ ఆగండి. ఆయన ట్యాంకులో గోధుమ పొరకి బ్రిసిల్‌నోస్ చాలు, పైగా సున్నం ఎక్కువున్న గట్టి నీళ్ళకి తట్టుకుంటుంది. ఓటోకి మెత్తటి నీళ్ళు నచ్చుతాయి. ఇప్పుడు దాని కోసం కొట్టుకోవడం ఎందుకు?

నెరైట్ నత్తల మాట పండితుడు గారు అన్నారు. 600 లీటర్లకి పదిహేనో ఇరవయ్యో వేయొచ్చు. గట్టి నీళ్ళే వాటికి మంచిది, మెత్తటి నీళ్ళలో గుల్ల కరిగి గుంటలు పడుతుంది. పిల్లలు పెట్టి ట్యాంకు నింపేస్తాయన్న భయం లేదు, మంచినీళ్ళలో గుడ్లు పొదగవు. కానీ గుడ్లు పెట్టడం మానవు. దుంగ మీద తెల్ల నువ్వులు అతికించినట్టు ఉంటాయి, గోకినా ఊడవు. అది ఇష్టం లేకపోతే ముందే మానుకోండి. బోర్లా పడితే కొన్ని వాటంతట అవి తిరగలేవు, రోజూ ఓ చూపు వేయాలి. చేపలకి రాగి కలిసిన మందు వేశారంటే నత్తలన్నీ పోతాయి.

బెజవాడ_ఏంజెల్
తెల్ల నువ్వులు మా ఆవిడకి చూపిస్తే షోకేసు ఖాయం. నత్తలు వద్దు, ముందద్దం బ్లేడుతో గీక్కుంటా.

పాచి_పండితుడు
అద్దం గాజే కదా, యాక్రిలిక్ కాదుగా? గాజయితే కొత్త బ్లేడు, 45 డిగ్రీల వాలు, పై నుంచి కిందకి. మూలల్లో సిలికాన్ కి తగలనివ్వకండి. ఇసుక రేణువు బ్లేడుకీ అద్దానికీ మధ్య ఇరుక్కుందంటే గీత పడి ఎప్పటికీ ఉండిపోతుంది. అందుకే కింద రెండంగుళాలు వదిలేసి, అక్కడ పాత ఏటీఎం కార్డుతో గీకండి.

బెజవాడ_ఏంజెల్
గాజే, 12 ఎంఎం. నల్ల కుచ్చుల సంగతి చెప్పండి, అవే కళ్ళకి మరీ ఎబ్బెట్టుగా ఉన్నాయి. సియామీస్ ఎన్ని వేయాలి?

పాచి_పండితుడు
ఆరు. గుంపు చేప, ఒంటరిగా ఉంటే నక్కి కూర్చుంటుంది. ఆరంగుళాల దాకా పెరుగుతాయి, ఆరడుగుల ట్యాంకులో హాయిగా ఈదుతాయి. రెండంగుళాల పిల్లలు తెచ్చుకోండి, కుచ్చులు పీకే ఉత్సాహం వాటికే ఎక్కువ. పెల్లెట్ల రుచి మరిగితే ఇవీ బద్ధకిస్తాయి, అందుకే బోరునీళ్ళు గారు చెప్పిన మేత కోత తప్పదు. ఎగిరి దూకే రకం, మూత సందులన్నీ మూయాలి.

కానీ ఇప్పుడున్న పెద్ద కుచ్చుల్ని అవి తినలేవు. లేత కొసలే తింటాయి. ముదిరినదాన్ని ముందు మీరే చంపాలి.

గాజుపెట్టె
దానికి హైడ్రోజన్ పెరాక్సైడ్. 3 శాతంది మెడికల్ షాపులో కొని, ఫిల్టర్ ఆపి, సిరంజితో కుచ్చుల మీద నెమ్మదిగా వదలాలి. బుడగలు లేస్తాయి. ఐదు నిమిషాలాగి ఫిల్టర్ వేయాలి. రెండు మూడు రోజుల్లో నలుపు కాస్తా గులాబీ రంగుకి తిరుగుతుంది, అప్పుడది చచ్చినట్టు. అలా మెత్తబడ్డాక సియామీస్‌లు లాగి లాగి తింటాయి. ఒక్క రోజులో మొత్తం ట్యాంకు చేయకండి. నేను 20 లీటర్ల నీళ్ళకి 5 మి.లీ. దాటనివ్వను.

బోరునీళ్ళు_టీడీఎస్900
సవరణ: మన మెడికల్ షాపుల్లో మామూలుగా ఇచ్చేది 6 శాతంది, సీసా మీద '20 వాల్యూమ్స్' అని ఉంటుంది. చూసుకోకుండా 3 శాతం లెక్కన పోశారంటే డోసు రెట్టింపే. అంతే కొలత నీళ్ళు కలిపి వాడండి. చేతికి తగిలితే తెల్లగా మచ్చ పడి మండుతుంది, గ్లవ్స్ వేసుకోండి, బుజ్జిదాన్ని దూరంగా ఉంచండి.

డ్రిఫ్ట్‌వుడ్ బయటికి తీయగలిగితే ఇంకా మేలు. బకెట్‌లో పెట్టి పోసి, కడిగి మళ్ళీ పెట్టేయొచ్చు. బాగా పాడైన అనూబియాస్ ఆకులు కత్తిరించి పారేయండి, వాటిని బతికించాలని చూడకండి.

డాలస్_చెరువు
ఇక్కడైతే ఫ్లోరిడా ఫ్లాగ్‌ఫిష్ అని ఓ చిన్న చేప కూడా వాడతారు, పీచు పాచికి బాగా పనిచేస్తుంది. మన దగ్గర దొరకడం కష్టమే అనుకుంటా. చెన్నైలో రంగుచేపల బజారు కొళత్తూరులో అడిగి చూడండి, అక్కడ లేనిదంటూ ఉండదంటారు.

రంగుల_చేపలు_హోల్‌సేల్
సియామీస్, బ్రిసిల్‌నోస్, సక్కర్ అన్నీ హోల్‌సేల్ రేట్లకి

వేదిక_నిర్వాహకుడు
పైన ఫోన్ నంబర్ తీసేశాను. అమ్మకాలకి వేరే విభాగం ఉంది, అక్కడ పెట్టుకోండి.

గాజుపెట్టె
సక్కర్ కూడా అమ్ముతున్నాడు చూశారా. ఇన్ని పోస్టులు చదివాక!

కొత్తచేప
మా ట్యాంకు ఇసుక మీద నీలం పచ్చగా దుప్పటిలా పరుచుకుంది, లాగితే పొరలా వస్తోంది, కంపు. సియామీస్ తింటాయా?

పాచి_పండితుడు
అది నాచే కాదు, సయానోబాక్టీరియా. దాన్ని ఏ చేపా తినదు. పైపుతో పీల్చి పారేసి, మూడు రోజులు దుప్పటి కప్పి చీకటి చేయండి, మధ్యలో గాలి పంపు ఆపొద్దు. తర్వాత సగం నీళ్ళు మార్చండి. దీనికి వేరే చర్చ మొదలుపెట్టండి, ఇక్కడ కలిపితే గందరగోళం.

బెజవాడ_ఏంజెల్
అప్‌డేట్. టైమర్ పెట్టాం, సాయంత్రం మూడు నుంచి పది దాకా. కుళాయి నీళ్ళలో నైట్రేట్ దాదాపు లేదు, అంటే మొత్తం మా ట్యాంకుదే. నీళ్ళు వారానికి రెండుసార్లు మారుస్తున్నాం. ఆ నీళ్ళు పోస్తుంటే కరివేపాకు మొక్క మాత్రం విరగబూసింది. పసుపు చేపని టార్చితో పట్టుకున్నాం, పండితుడు గారు చెప్పినట్టే ఏంజెల్ పక్కకి అతుక్కుని ఉంది. దాన్ని విడిగా చిన్న ట్యాంకులో పెట్టాం.

ఇప్పుడు సక్కర్‌ని ఎలా పట్టాలి? వల వేస్తే వలకే చుట్టుకుపోయింది.

ఆస్కార్_నాన్న
వల వద్దన్నా! ముళ్ళు పట్టేస్తే దానికీ దెబ్బే. నాలుగంగుళాల పీవీసీ పైపు, రెండడుగుల ముక్క, దుంగ తీసేసి రాత్రి అక్కడ పడుకోబెట్టు. దాక్కోవడానికి వేరే చోటు లేకపోతే తెల్లారేసరికి అందులోనే ఉంటుంది. రెండు వైపులా అరచేతులు మూసి పైపుతో సహా ఎత్తెయ్. వేళ్ళు లోపలికి పెట్టకు, రెక్కలు బిగదీస్తే నలిగిపోతాయి.

గుంటూరు తెచ్చేటప్పుడు పాలిథిన్ కవరు అస్సలు వద్దు, ముల్లుతో పొడిచి కారంతా నీళ్ళు చేస్తుంది. మూతున్న పెయింటు బకెట్టు, సగం దాకా దాని ట్యాంకు నీళ్ళే, బ్యాటరీ గాలి పంపు.

కొల్లేటి_కొంగ
పెయింటు బకెట్ అంటే పెయింటు పోసినది కాదు, కొత్తది. ముందే చెప్తున్నా, ఇలా పోగొట్టుకున్నవాళ్ళున్నారు.

బెజవాడ_ఏంజెల్
పైపు ఐడియా పనిచేసింది. ఆదివారం బయలుదేరుతున్నాం అన్నా. రాత్రిపూట మునిగే పెల్లెట్లు తింటుంది, కీర అంటే ప్రాణం.

షాపులో కొత్తగా నల్ల చార చేపలు వచ్చాయి. ఫోటో పెట్టాను, చూసి చెప్పండి. అద్దానికి అతుక్కోలేదు, బంగారు గీత కనపడలేదు.

నత్తగుల్ల
తోక రెక్క విప్పినప్పుడు తీసిన ఫోటో ఉందా? ఇందులో ముడుచుకుని ఉంది.

బెజవాడ_ఏంజెల్
ఇదిగో ఇంకోటి.

పాచి_పండితుడు
చార తోక చివరి దాకా ఉంది, రెక్కలు పారదర్శకంగా ఉన్నాయి. ఎడమ వైపు నుంచి నాలుగోది తప్ప, దానికి చార తోక మొదట్లోనే ఆగిపోయింది, అది గర్రా. మిగతావి తీసుకోండి. విడి ట్యాంకులో రెండు వారాలుంచి అప్పుడు వేయండి, మూత సందులు ఈలోగా మూయించండి.